చీనా తుపాకికి పెళ్ళిచూపులు

తుపాకుల అంగడిలో పనిచేసి రిటైరయ్యానని చెబితే చాలు, ఈ కాలం పిల్లల కళ్ళు ఇంతింత అవుతాయి. "ఎవురినన్నా కాల్సినావా తాతా?" అని ఆశగా అడుగుతారు. ఎవరినీ కాల్చలేదు నాయనా. నా ఉద్యోగ జీవితం మొత్తం మీద తుపాకి వల్ల జరిగిన ఘోరం ఒక్కటే, అది ఒక జోడుగొట్టాల తుపాకి చెయ్యి జారి నా కాలి బొటనవేలి మీద పడటం. ఆ రోజు నేను పెట్టిన కేకకు పక్కనున్న టైలరు కుట్టు మిషను ఆపి, దండం పెట్టుకుంటూ బయటికి పరిగెత్తాడు. ఎవరో ఎవరినో కాల్చేశారనుకున్నాడట.

మా అంగడి చిత్తూరులో కోర్టుకు పోయే దారిలో ఉండేది. లైసెన్సు ఉన్న వ్యాపారం, తాతల నాటిది. మా సావుకారు మంచివాడే కానీ నోరు జాస్తి. నాకూ తక్కువేమీ కాదు. పొద్దున పోట్లాడుకుని, మధ్యాహ్నం ఒకే క్యారియరులో పెరుగన్నం తిని, సాయంత్రం మళ్ళీ పోట్లాడుకునేవాళ్ళం. నా పని రిపేరు. బ్యాంకు గార్డుల తుపాకులు, తోటల రైతుల తుపాకులు, తిరుపతిలో పెద్ద ఇళ్ళ గోడలకు వేలాడే తుపాకులు, అన్నీ నా బల్ల మీదికి రావలసిందే. కొయ్య మరీ పగిలిపోయిన తుపాకి ఎవరైనా తెస్తే మా సావుకారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మావల్ల కాదప్పా, పుత్తూరుకు తీసుకపోయి కట్టు కట్టిచ్చుకో" అనేవాడు, విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరది. వచ్చినవాడు నిజమేననుకుని బస్సుల వేళలు అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మాకు పండగ సీజను దసరా కాదు, దీపావళి కాదు. ఎలక్షన్లు. ఎలక్షన్ల ప్రకటన రాగానే లైసెన్సున్న ప్రతివాడూ తన తుపాకిని పోలీసు స్టేషన్లో గానీ, మాలాంటి అంగడిలో గానీ అప్పజెప్పి రసీదు తీసుకోవాలి. ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్ళీ తీసుకుపోవాలి. స్టేషన్లో అయితే మూలన పడేస్తారు. మేమైతే తుడిచి, నూనె పట్టించి, వరసగా నిలబెడతాం. అందుకని జనం మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ కొన్ని వారాలు మా అంగడి కిటకిటలాడుతుండేది.

అలా ప్రతి ఎలక్షన్లకూ తప్పకుండా వచ్చే ఒకావిడ గురించి చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను.

ఆవిడది పూతలపట్టు దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. మామిడితోట ఉన్న సంసారం. మేము పూతలపట్టు అక్క అనేవాళ్ళం. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా, బక్కగా ఉండేది. పొడుగులో తుపాకి తనకంటే పెద్ద తక్కువేమీ కాదు. దాన్ని పాత నేతచీరలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని ఆర్టీసీ బస్సులో వచ్చేది. ఒకసారి కొత్త కండక్టరు, "ఏందవ్వా అది, గొడుగా?" అని అడిగాడట. "తుపాకి నాయనా" అందట ఈవిడ. బస్సంతా నవ్వితే, ఆవిడకు కోపమొచ్చి చీర విప్పి చూపించింది. ముందు సీటులో కూర్చున్న ఇద్దరు మగవాళ్ళు మారు మాట్లాడకుండా లేచి ఆవిడకు చోటిచ్చారట. ఈ కథ ఆవిడ వచ్చినప్పుడల్లా చెప్పేది, మేము విన్నప్పుడల్లా నవ్వేవాళ్ళం.

ఆ తుపాకి ఆవిడ మామగారి నాయనది. దొరల కాలంలో మద్రాసు పటాలంలో చేరి, ఓడెక్కి చీనా దాకా పోయి యుద్ధం చేసి వచ్చినాయన. వస్తూ వస్తూ దాన్ని తెచ్చుకున్నాడు. లైసెన్సు ఆయన నుంచి కొడుక్కి, ఆ కొడుకు నుంచి మనవడికి, అంటే ఈవిడ భర్తకు వచ్చింది. భర్త చిన్న వయసులోనే పోయాడు. అప్పటికి కొడుకు బడికి పోయే పిల్లవాడు. అందుకని లైసెన్సు ఈవిడ పేరు మీదికి మారింది. ఇక దానికి తూటాలంటారా, మా సావుకారు తాత బతికున్నప్పుడే దొరకడం మానేశాయి.

"తూటా లేని తుపాకిని యాల మోస్తావక్కా, సరెండరు చేసేయ్" అని ఒకసారి నేనే అన్నాను.

"కాల్సాలని ఎవురన్నారప్పా?" అంది ఆవిడ. "ఇంట్లో ఉండాదంటే సాలు. మా తోట పక్క తోటలో కాయలు దొంగలు కోసకపోతారు. మా తోటలో గాలికి రాలిన కాయను గూడా ముట్టుకోరు. తుపాకమ్మ తోట అంటారు తెలుసునా!"

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా అయ్యేది. ఎలక్షన్ల వాళ్ళ మీద ఆవిడకున్న కోపమంతా ఒకటే, సరిగ్గా కాయల కాలంలోనే తన తుపాకిని ఊరు దాటిస్తారని.

నేను రిటైరవడానికి ముందు వచ్చిన ఆఖరి ఎలక్షన్లప్పుడు జరిగింది ఈ సంగతి. లెక్కింపు అయిపోయింది. తుపాకులు తిరిగి ఇచ్చేముందు ఒక్కొక్కటీ తుడుస్తున్నాను. పూతలపట్టు అక్క తుపాకిని మేము ఎప్పుడూ జర్మనీ తుపాకి అనేవాళ్ళం, తూటాను లోపలికి తోసే బోల్టు ఆ పద్ధతిలో ఉండేది. ఆ రోజు ఎండ నేరుగా నా బల్ల మీద పడుతోంది. బోల్టు కూర్చునే గది మీద, నల్లటి జిడ్డు కింద ఏవో గీతలు కనిపించాయి. గుడ్డతో మెల్లగా అద్ది చూశాను. గీతలు కావు, అక్షరాలు. చిన్న చిన్న ఇళ్ళ బొమ్మల్లాంటి అక్షరాలు.

సావుకారును పిలిచాను. ఆయన కళ్ళజోడు పైకి లేపి, కిందికి దించి, "జపానుదిరా" అన్నాడు.

"జపానని మీకెట్ల తెలుసు?"

"మా ఇంట్లో జపాను గడియారం ఉండాది."

"దాని మీద ఇంగ్లీషులో రాసుంటుంది గదా?"

పోట్లాట ముదిరేలోపల ఆయనే ఒక మంచి పని చేశాడు. సెల్లుతో ఫోటోలు తీసి, బెంగళూరులో మా పాత ఖాతాదారు ఒకాయన ఉంటే ఆయనకు పంపాడు. ఆయన పాత తుపాకులు సేకరిస్తాడు. లైసెన్సులన్నీ పక్కాగా పెట్టుకుని, చట్టప్రకారం కొని, ఇంట్లో అద్దాల బీరువాల్లో దాచుకునే మనిషి. వాళ్ళ పెద్దలది మదనపల్లె వైపు కాబట్టి మాతో తెలుగులోనే మాట్లాడేవాడు. ఫోటోలు పోయి, టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపలే ఫోను మోగింది.

"ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు" ఇదీ ఆయన మొదటి మాట.

స్పీకరులో పెట్టి ఇద్దరం విన్నాం. ఆయన చెప్పిన సారాంశం ఇది. చీనా మిలిటరీ వాడి వదిలేసిన తుపాకులు లోకంలో కోకొల్లలు. ఒక కాలంలో వాటిని షిప్పులకు షిప్పులు నింపి అమెరికాకు అమ్మారు. అవి సంతలో టమాటాల లెక్క, ఎవరికి కావాలంటే వాళ్ళకు దొరుకుతాయి. ఇది ఆ రకం కాదు. జర్మనీ నమూనా చూసి చీనావాళ్ళు తమ సొంత ఫ్యాక్టరీలో చేసుకున్న తొలినాటి రకం. ఇలాంటివి వాళ్ళ దేశంలోనే యుద్ధం మీద యుద్ధంలో అరిగి, విరిగి, కొలిమిలోకి పోయాయి. మిగిలిన కొన్నింటికి కూడా బోల్టు ఒకదానిది, కొయ్య ఇంకోదానిది. "మీ ఫోటోలో బోల్టు నెంబరూ గది నెంబరూ ఒకటే ఉన్నాయి. ఫ్యాక్టరీ ముద్ర పూర్తిగా ఉంది. దాని మీదున్న ఆ గోధుమరంగు పొర, ఆ జిడ్డు, ఆ గీరలు, అవన్నీ నాకు కావాలి. అవి ఉంటేనే దానికి వెల. అవి పోతే అది ఇనుము."

వెల ఎంతో కూడా చెప్పాడు. విని మా సావుకారు స్టూలు మీద కూర్చుండిపోయాడు.

తుపాకి తీసుకుపోవడానికి ఈసారి అక్కతో పాటు కొడుకు కూడా వచ్చాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఆ ఏడు తోతాపురి కాయల ధర పడిపోయి, జ్యూసు ఫ్యాక్టరీ గేటు ముందర బండ్లు బారులు తీరి, లోడులోని కాయలు అక్కడే మాగిపోతున్న కాలం. సావుకారు శుభవార్త చెప్పగానే అతని మొహంలో పొద్దు పొడిచింది.

"అమ్మా! ఇన్నావా? మన బండి వొచ్చేసినట్టే" అన్నాడు. చిన్న లారీ ఒకటి కొనాలని అతని కోరిక. సొంత బండి ఉంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాచుకోకుండా కాయను తిరుపతికో మద్రాసుకో నేరుగా తోలుకోవచ్చు. "బాడుగ బండోళ్ళ కాళ్ళు పట్టుకోలేక సస్తా ఉండాను అంకుల్. దేవుడే సూసినాడు."

నేను అక్క వైపు చూశాను. ఆవిడ కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని అందులోకే చూస్తోంది. వెన్ను వంగి ఉంది. సంతకం ఆవిడదే కావాలి, లైసెన్సు ఆవిడదే. వద్దంటే ఎవరూ ఏమీ చేయలేరు. కానీ ఆవిడ వద్దనలేదు. కొడుకు మొహం చూసి, "నీ ఇష్టం నాయనా" అంది. ఏం చేస్తాం, బండి కూడా అవసరమే.

బెంగళూరాయన రెండు వారాలు దాటితే గానీ రాలేనన్నాడు. అంతవరకూ తుపాకి మా దగ్గరే ఉండనీ అని సావుకారు అన్నాడు గానీ, అక్క ఒప్పుకోలేదు. "కాయలు సెట్టు మీదుండాయి. తుపాకి ఇంట్లో ల్యాకుంటే ఎట్ల? ఆయన వొచ్చినప్పుడు నేనే ఎత్తుకొస్తా" అంది. అది న్యాయమే అనిపించింది.

పంపేముందు ఇద్దరినీ కూర్చోబెట్టి నేను పాఠం చెప్పాను. పాఠం చెప్పమంటే నాకు ఒళ్ళు తెలియదు. "చెయ్యి పెట్టద్దు. తడిగుడ్డ వద్దు. చింతపండు, బూడిద, ఇటుకపొడి, ఇవి దాని దగ్గరికి పోనే కూడదు. కొయ్యకు వార్నీషు వద్దు. ఇట్లాంటి పని ఒక్కటి చేసినా వెల సగం పోతుంది, రెండు చేస్తే మొత్తం పోతుంది" అని వేళ్ళు మడిచి మరీ చెప్పాను.

కొడుకు బుద్ధిగా తలూపాడు. అక్క మాత్రం, "ఆ అచ్చరాలు ఉండే తావ గూడా ముట్టుకోకూడదా?" అని అడిగింది.

"అదే దానికి ప్రాణం అక్కా! అక్కడ గీత పడిందంటే ఇంక గోవిందా."

"అట్లనా" అని ఆవిడ చీర కొంగు బిగించి లేచింది. పెద్దావిడ అయినా ఎంత శ్రద్ధగా వింటుందో చూశారా అని ఆవిడ పోయాక సావుకారుతో మెచ్చుకున్నాను కూడా.

చెప్పిన రోజు వచ్చింది. సావుకారు కొత్త పంచె కట్టాడు. హోటలు నుంచి వడలు తెప్పించాడు. నా బల్ల మీద తెల్లదుప్పటి పరిచాడు. "పెండ్లిచూపుల మాదిరి ఉండాదే" అని నేను ఎగతాళి చేస్తే, "గమ్మునుండు, కమీషను వచ్చేది నీకు గాదు" అని కసిరాడు. బెంగళూరాయన చెప్పిన వేళకే వచ్చాడు. తెల్లటి గ్లవుసులు తొడుక్కున్నాడు, భూతద్దం తీసి దుప్పటి మీద పెట్టుకున్నాడు. పెద్దమనిషే గానీ, మిఠాయి అంగడి ముందర పిల్లవాడిలా కాళ్ళు ఆడిస్తున్నాడు.

తల్లీ కొడుకూ మోటారుసైకిలు మీద వచ్చారు. కొడుకు రాత్రీ పగలూ కాయల లోడుతో తిరిగి అప్పుడే ఇంటికి చేరాడట. అమ్మ మూట కట్టి సిద్ధంగా ఉంటే ఎక్కించుకుని వచ్చేశాడు. మూట బల్ల మీద పెట్టారు. అక్క ముడి విప్పింది. చీర మడతలు ఒక్కొక్కటే తీసింది.

లోపలి నుంచి వెలుగు వచ్చింది.

అతిశయోక్తి కాదు. కొత్త స్టీలు చెంబు ఎట్లా ఉంటుందో గొట్టం అట్లా ఉంది. కొయ్య మొత్తం తేనెరంగు వార్నీషు, ఇంకా వాసన వస్తోంది. ట్రిగ్గరుకు పసుపు, గొట్టానికి మూడు చోట్ల కుంకుమ బొట్లు. ఇక ఆ బోల్టు గది మీద, చీనా అక్షరాలు ఉండాల్సిన చోట, తెలుగులో ఒక పేరు. స్టీలు సామాన్ల అంగళ్ళలో బిందెల మీదా గిన్నెల మీదా చుక్కచుక్కగా పేరు కొడతారే, సరిగ్గా అట్లా. పేరుకు ఆ పక్కా ఈ పక్కా రెండు పువ్వులు కూడా కొట్టించింది.

బెంగళూరాయన భూతద్దం తీసుకున్నాడు, చూడకుండానే మళ్ళీ పెట్టేశాడు. "దేవుడా" అని మాత్రం అన్నాడు.

"అమ్మా, ఏంది ఇది?" అన్నాడు కొడుకు.

"తోమినా నాయనా. సింతపండు యేసి, ఇటుకపొడి యేసి తోమినా. పూతలపట్టుకు పోయి సామాన్లంగడిలో పేరు కొట్టిచ్చినా. ఆ అబ్బోడు ముందు బయపన్నాడు గానీ, గ్యాసు సిలిండర్లకు కొడతావు గదరా, దీనికేమొచ్చె అంటే కొట్టినాడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను చెప్పలేదా అక్కా? వేళ్ళు మడిచి చెప్పలేదా? గోడకు చెప్పినా వినుండేది! ఎందుకు చేసినావు ఇట్ల?" అని అరిచాను.

ఆవిడ ఏమాత్రం బెదరలేదు. "యాడినుంచో పెద్దమనిసి సూసేదానికి వొస్తా ఉంటే మురికి తుపాకి పెడితే ఏం బాగుంటాదప్పా? పెండ్లిసూపులకు పిల్లను తల దువ్వకుండా కూసోబెడతామా?" అంది. సావుకారు నోట్లోని వడ నమలడం మరిచిపోయి నా వైపు చూశాడు. పెండ్లిచూపుల మాట ముందు అన్నది నేనే మరి.

బెంగళూరాయన మంచివాడు. కోపగించుకోలేదు. తుపాకిని తిప్పి తిప్పి చూసి, చివరికి గ్లవుసులు విప్పేశాడు. "మీ తప్పు కాదమ్మా. కానీ దీన్ని నేను కొనలేను. నేనే కాదు, ఇంకెవరూ కొనరు. ముద్ర పోయింది, రంగు పోయింది. దీనికి ఇప్పుడు సేకరించేవాళ్ళ దగ్గర వెల లేదు" అన్నాడు. కొడుకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాళ్ళమ్మను ఒక్క మాట అనలేదు.

పోబోతూ, మాట మార్చడానికన్నట్టు బెంగళూరాయన అడిగాడు. "దీనితో పాటు ఇంకేమన్నా వచ్చిందా? తోలు పట్టీ గానీ, మూతికి తగిలించే పొడుగు కత్తి గానీ?"

"కత్తా?" అన్నాడు కొడుకు నీరసంగా.

ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు. పిడి దగ్గర వంకీ, ఉంగరంలాంటి రంధ్రం, సన్నటి పొడుగాటి బ్లేడు. కొడుకు బొమ్మను దగ్గరికి తీసుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు.

"ఇది మేము టెంకాయలు వొలిచేది గదమ్మా?"

బెంగళూరాయన మళ్ళీ కూర్చున్నాడు. కొడుకు ఇంటికి ఫోను చేశాడు. స్పీకరు లేకపోయినా కోడలి గొంతు మా అందరికీ వినిపించింది. "దాన్ని పెరట్లో నేలలో పాతినాము గదా! అది తీస్తే టెంకాయలు దేంతో వొలవాల? మీ అమ్మ తలకాయతోనా?" అంటోంది. "కడగద్దు, తుడవద్దు, పీకి గోనెసంచిలో పెట్టు" అని చెప్పి కొడుకు బండెక్కి దుమ్ము లేపుకుంటూ పోయాడు. ఈ లోపల భోంచేద్దామని సావుకారు బెంగళూరాయన్ను హోటలుకు తీసుకుపోయాడు.

అంగడిలో నేనూ అక్కా మిగిలాం. నా కోపం ఇంకా చల్లారలేదు. కానీ ఆవిడ కొంగుతో గొట్టం తుడుచుకుంటున్న తీరు చూస్తే, ఎందుకో నాకు అనుమానమొచ్చింది. నష్టపోయిన మనిషి మొహం కాదది.

"అక్కా, నిజం చెప్పు. తెలిసే చేసినావు గదా?"

ఆవిడ వాకిలి వైపు ఒకసారి చూసింది.

"నువ్వే గదప్పా సెప్పింది, ఏమేం సేస్తే దాని ఇలవ పోతాదో. ఒగోటి ఇడమరిసి సెప్పినావు. మరిసిపోకుండా అన్నీ సేసినా. వార్నీసుకే కొంచిం కష్టపన్నా, ముక్కులు మండినాయి."

నాకు నవ్వు ఆగలేదు. నూనె గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆవిడా నవ్వింది, పళ్ళు లేని నోరు తెరిచి. నవ్వు ఆగాక, "కొడుకుతో వొద్దని ఒక్క మాట అనుంటే పోయేది గదక్కా" అన్నాను.

"ఎట్లనేది? వాడు ఎండలో ఆ కాయల బండ్ల ఎనకాల పడి తిరగతా ఉంటే, బండి వొద్దురా, నాకు తుపాకి కావాల అని ఏ నోటితో సెప్పేది? వాడు అడిగేది తప్పు గాదు. నేను ఇచ్చేసుంటే బాగుండు. నా వల్ల కాలా." తుపాకిని దగ్గరికి జరుపుకుంది. "మా ఆయన పోయినప్పుడు పిల్లోడు ఇంతుండాడు. తోట అమ్మెయ్ అన్నారు అందరూ. నా అన్నగూడా అన్నాడు, ఆడమనిసివి నువ్వేం కాస్తావు అని. మూడో దినమే మా చెట్లకాడికి మనుసులు వొచ్చినారు కాయలు కోసేదానికి. నేను దీన్ని ఎత్తకపోయి గెట్టుమీద కూసున్నా. కాల్సేది రాదు, తూటా లేదు. బయంతో ఒళ్ళు వొణకతా ఉండాది, ఒళ్ళో ఇది ఉండాది. వొచ్చినోళ్ళు సూసి ఎనక్కి పొయినారు. ఆ పొద్దునుంచి నేను తుపాకమ్మను. అంతకు ముందు నన్ను ఎవురు ఏమని పిలిచినారో గూడా గ్యాపకం లేదు నాకు."

మిగిలిన వడ ఒకటి ఆవిడ ముందుకు జరిపాను.

కొడుకు తిరిగొచ్చేసరికి సావుకారూ బెంగళూరాయనా భోంచేసి వచ్చారు. గోనెసంచి విప్పితే మట్టీ, టెంకాయ పీచూ, తుప్పూ. దాని మధ్యలో, పిడి కింద, చీనా అక్షరాలు. బెంగళూరాయన గ్లవుసులు తొడుక్కోవడం కూడా మరిచిపోయాడు. తుపాకులన్నా అక్కడక్కడ దొరుకుతాయట గానీ, ఆ రకానికి వాటి కత్తులు దొరకడం ఇంకా కష్టమట. ఇంత కాలం ఎవరికీ అది విలువైనదని తెలియకపోవడమే దాన్ని కాపాడింది. ఎవరూ తోమలేదు. బేరం కుదిరి చేతులు కలిపారు. సావుకారు దానికి కావలసిన కాగితాలన్నీ రాసి, అనుమతులు తాను చూసుకుంటానన్నాడు. తుపాకికి వచ్చేంత రాదు, కానీ బండికి ముందు కట్టే సొమ్ముకు సరిపోతుందని కొడుకు నోటిలెక్క వేసుకుని, ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

పిల్లలూ, వస్తువుకు వెల ఎట్లా వస్తుందని మీరు నన్ను అడిగితే ఈ రోజు గురించే చెబుతాను. మురికి పోయినందుకు ఒకటి దండగయింది, మురికి ఉన్నందుకు ఇంకోటి గెలిచింది, రెండింటినీ ఒకే ఇంటివాళ్ళు పెట్టుకుని బతికారు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆ వ్యాపారంలో ఉండి నాకు తెలిసింది అంతే.

అంతా అయిపోయి లేవబోతుంటే బెంగళూరాయన మళ్ళీ తుపాకి వైపు చూశాడు. మనసు పీకుతున్నట్టుంది.

"అమ్మా, ఒక మాట. ఆ పేరు ఒక్కటి అరగదీయించేస్తే, పూర్తి వెల రాదు గానీ, గోడకు తగిలించుకోవడానికి నేనే ఎంతో కొంత ఇచ్చి తీసుకుంటాను. మేస్త్రీ, మీరు ఆ పేరు తీసేయగలరా?"

తీయగలను. నా బల్ల మీదే ఆకురాయి ఉంది, సన్న రకం. గంట పని కూడా కాదు. కొడుకు నా వైపు ఆశగా చూస్తున్నాడు. సావుకారు కళ్ళతోనే తీయమంటున్నాడు. అక్క మాత్రం నా వైపు చూడటం లేదు, సర్దిన చీర మడతనే మళ్ళీ సర్దుతోంది.

"కుదరదు సార్" అన్నాను. "పాత ఇనుము. అక్కడ ఆకురాయి తగిలితే పలచబడి చీలుతుంది. నేను చెయ్యి పెట్టను."

సావుకారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. అది నేను కోసిన కోత అని ఆయనకు తెలుసు. బెంగళూరాయనకు కూడా తెలిసే ఉంటుందనుకుంటాను, ఇనుము సంగతి తెలియని మనిషి కాదు. ఆయన అక్క వైపు చూసి, నా వైపు చూసి, "అయితే సరే" అని సంచి భుజాన వేసుకున్నాడు.

అప్పుడు కొడుకు తుపాకి మీదికి వంగి, వేలితో ఆ పేరు తడిమాడు. అతను ఆ రోజంతా దాన్ని సరిగ్గా చదివినట్టు లేదు. చదివి తలెత్తాడు.

"అమ్మా, ఇది నీ పేరు గదా? తాతది గానీ నాయనది గానీ కొట్టియ్యకుండా నీ పేరు యాల కొట్టిచ్చినావు?"

"మన ఇంట్లో ఉండే సామాన్లన్నీ సూసిరా పో" అంది ఆవిడ. "బిందెల మింద మా అత్త, మీ జేజి పేరు. తట్టల మింద మీ నాయన పేరు. నా పుట్టినింటోళ్ళు పెట్టిన చెంబు మింద గూడా మా నాయన పేరే. నీ పెండ్లిలో వొచ్చినవాటి మింద నీ పేరు. అన్నీ నేనే తోమతా ఉండా ఇన్నేండ్లుగా. నా పేరు దేని మిందా లేదు నాయనా."

ఆవిడ బెంగళూరాయన వైపు తిరిగింది.

"ఇది ఇంగ ఎవురికీ పనికిరాదంటిరి గదా సారూ?"

"రాదమ్మా."

"కొనేవాళ్ళు ఎవురూ ల్యారు గదా?"

"లేరు."

"అయితే ఇంగ ఇది నాదే" అంది.

ఆ మాట విని కొడుకు చీర చేతిలోకి తీసుకున్నాడు. తుపాకిని తానే మెల్లగా చుట్టి, ముడి వేసి, రెండు చేతులతో వాళ్ళమ్మకు అందించాడు.